ఎండిన గొట్టం

స్కూలు వెనకాల ఈతతొట్టి ఆ సోమవారం పొద్దున లేచి కూర్చుంది.

మాటవరసకి అంటున్నది కాదు. తొమ్మిదేళ్లుగా నేలకి సమానంగా బుద్ధిగా పడుకుని ఉన్న ఇరవై అడుగుల ఫైబర్ తొట్టి, ఒక కొస మోకాలెత్తు, రెండో కొస నడుమెత్తు పైకి లేచి, చుట్టూ పరిచిన పలకల్ని విరగ్గొట్టుకుని, చుక్క నీరు లేకుండా నోరు తెరుచుకుని ఉంది. గేటు తాళం తీసిన ఆయా చేతిలో చీపురు కింద పడింది. గోడ అవతల పళ్లు తోముకుంటూ తొంగిచూసిన పెద్దమనిషి ఉమ్మడం మరిచిపోయాడు. వానకి తొట్టి పొంగిందంటే ఎవరైనా నమ్ముతారు. తొట్టే పొంగి బయటికి రావడమేమిటి?

ఆ కబురు కంకరక్కకి తమ్ముడు ఫోన్లో చెప్పాడు.

"అక్కా, మన తొట్టి ఒకటి పైకొచ్చేసిందట."

"పైకి రావడమేంట్రా, అదేమన్నా మొలకా?"

"నిజమక్కా, ఫొటో పంపారు. స్కూలు తొట్టి. మన మూడు లారీల తొట్టి."

తలకి చుట్టుకుంటున్న తువ్వాలు సగంలో ఆగిపోయింది. కంకరక్క మంచం అంచున కూలబడింది. ఇంకే తొట్టి అన్నా ఆమె గుండె ఇంతగా అదిరేది కాదు.

ఎందుకు అదిరిందో చెప్పాలంటే కంకరక్క ఎవరో చెప్పాలి. నేలలో ఈతతొట్టి దించాలంటే ముందు గొయ్యి తవ్వుతారు, తరవాత క్రేనుతో తొట్టిని అందులోకి దించుతారు. తొట్టి గోడకీ గొయ్యి గోడకీ మధ్య మూరెడు సందు మిగులుతుంది. ముచ్చటపడి తొట్టి పెట్టించుకునేవాళ్లు రంగు చూస్తారు, మెట్లు చూస్తారు, అడుగున దీపం వెలుగుతుందో లేదో వంగి మరీ చూస్తారు. ఆ సందులో ఏం పోస్తున్నారో మాత్రం ఒక్కరూ చూడరు. కంకరక్క బతుకంతా ఆ సందులోనే గడిచింది.

పదహారో ఏట రాళ్లు కొట్టే మిల్లులో జల్లెడ దగ్గర పనికి చేరింది. ఇప్పుడు యాభై నాలుగు. తొట్లు దించే జట్టుకి మేస్త్రి. అసలు పేరు ఆమె రేషన్ కార్డుకీ భర్తకీ తప్ప ఎవరికీ గుర్తులేదు, భర్త కూడా కోపం వస్తే కంకరక్క అనే అంటాడు. లారీ వచ్చి నిలబడితే చాలు, చక్రం మీద కాలేసి పైకెక్కుతుంది. పైపైన చూసి దిగే రకం కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి గుప్పెడు తీస్తుంది, నీళ్లలో ముంచి గట్టిగా పిసుకుతుంది. అరచెయ్యి శుభ్రంగా ఉంటే లారీ లోపలికి. బూడిదరంగు జిగట అంటుకుంటే లారీ వచ్చిన దారినే వెనక్కి. ఆ అరచేతి తీర్పుకి తిరుగులేదు.

"తవ్విన మన్ను ఇక్కడే కుప్పగా ఉందిగా, అదే పోసెయ్యొచ్చు కదమ్మా?" అని ప్రతి ఇంట్లోనూ ఒకరు అడుగుతారు.

"పొయ్యొచ్చు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఏటేటా మీ తొట్టి గోడని లోపలికి నెడుతుంది. నాలుగేళ్లకి మీ తొట్టికి పొట్ట వస్తుంది, మీకు ఏడుపొస్తుంది."

"పోనీ ఇసక? మెత్తగా ఉంటుంది కదా?"

అప్పుడు ఆవిడ రెండు గాజు గ్లాసులు తెప్పిస్తుంది. ఒకదాంట్లో అంచు దాకా పొడి ఇసక, ఒకదాంట్లో అంచు దాకా కడిగిన కంకర. రెండింట్లోనూ నీళ్లు పోసి బల్ల మీద టకటకా తడుతుంది. ఇసక వేలెడు దిగిపోతుంది. కంకర ఎక్కడిదక్కడే ఉంటుంది. "చూశారా? ఇసక నీళ్లతో పాటు నడుస్తుంది. చిన్న పగులు దొరికితే చాలు, చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది. పైన మీ పలకలుంటాయి, కింద బోలుగా ఉంటుంది. కంకర అలా కాదు. నీళ్లకి దారిస్తుంది, తను కదలదు." ఇంతవరకూ చెప్పి గ్లాసులు కడిగి ఇచ్చేస్తుంది. వాళ్లు ఆ గ్లాసుల్లో మళ్లీ నీళ్లు తాగుతారో లేదో ఆవిడకి పట్టదు.

అయితే కంకర ఇచ్చిన దారిన వచ్చే నీళ్లు ఎక్కడికి పోవాలి? చుట్టూ బంకమన్ను ఉన్నచోట ఎక్కడికీ పోవు, గొయ్యంతా నిండి తొట్టి కిందే కూర్చుంటాయి. తొట్టి నిండుగా ఉన్నంతకాలం బరువుతో అణిచి ఉంచుతుంది. ఖాళీ చేశారో, గిన్నె నీళ్లలో తేలినట్టు తొట్టి పైకి తేలుతుంది. అందుకని గొయ్యి అడుగున చిల్లుల గొట్టం ఒకటి పరిచి, దాని మూతి పైకి తిప్పి, దానికి నిలువు గొట్టం తగిలించి నేల మీద దాకా తెస్తారు. మూత తీసి టార్చి వేస్తే కింద నీళ్లున్నాయో లేవో తెలుస్తుంది, ఉంటే తోడెయ్యొచ్చు. కంకరక్క ప్రతి తొట్టి దగ్గరా ఒక రేకు ముక్క మీద తన చేత్తోనే రంగుతో రాసి బిగించేది: "తొట్టి ఖాళీ చేసేముందు గొట్టంలో చూడండి. ఎండి ఉంటేనే ఖాళీ చెయ్యండి."

ఇక మూడు లారీల కథ. అది జట్టులో వినని మనిషి లేడు, పెళ్లిళ్లలో చుట్టాలు కూడా మళ్లీ చెప్పమని అడిగేవాళ్లు. స్కూలు తొట్టి దించిన రోజు మొదటి లారీ కంకర అరచేతికి జిగటగా అంటింది, వెనక్కి పంపింది. రెండో లారీలో పైన కడిగిన రాయి, మోచేతి లోతున మట్టి. అదీ వెనక్కే. మూడోసారి మొదటి డ్రైవరే తన లారీని ఊరు చుట్టూ తిప్పి, పైన రెండు బిందెల నీళ్లు చల్లి మళ్లీ తెచ్చాడు!

"రాయి రాయే కదమ్మా, తినడానికా?" అన్నాడట వాడు.

"తినడానికైతే ఇంతగా చూడనురా. పిల్లలు ఈదడానికి," అని ఆవిడ లారీకి అడ్డంగా కూర్చుందట. నాలుగో లారీ వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. అందులో రాయి ముత్యాల్లా ఉందని చెప్పి, కథ చివర ప్రతిసారీ ఒకే మాట కలిపేది. "ఆ గొడవలో నా తువ్వాలు కూడా ఎత్తుకుపోయాడు, దిక్కుమాలినోడు. మా ఆయన కొత్తగా కుట్టిచ్చిన తువ్వాలు!" ఇక్కడ అందరూ పగలబడి నవ్వేవాళ్లు.

వాళ్లాయన టైలరు. భార్య తువ్వాళ్లు పారేసుకుంటుందని ప్రతిదానికీ అంచు మడిచి ఎర్రదారంతో రెండు వరసలు కుడతాడు. ఆ డ్రైవరు ఎప్పుడైనా ఎదురుపడితే కుట్టు చూసి పట్టుకుంటానని తొమ్మిదేళ్లుగా వేళాకోళం ఆడుతున్నాడు.

అలాంటి తొట్టి లేచి కూర్చుందట. తువ్వాలు అలా సగం చుట్టుకునే తమ్ముడి బండి ఎక్కింది.

స్కూలు పెరట్లో అడుగుపెట్టి ఆ వింత కళ్లారా చూసింది. తను చేత్తో తడిమి, జానెడు జానెడు కంకర పోయించిన గోడ ఇప్పుడు తన నడుం దాకా బయటికొచ్చి, బురద చారలతో నిలబడి ఉంది. పుట్టింటి గోడ కూలినా ఇంత బాధ ఉండేది కాదేమో. పెద్ద మేడమ్ అక్కడే ఉంది. స్కూలు ఆవిడదే. పక్కన స్కూలు ఇంజనీరు, ఈల మాస్టారు.

ఈల మాస్టారంటే పిల్లలకి ఈత నేర్పే మనిషి. అరవై దాటాయి. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది గనక ఆ పేరు. స్కూలు వెనక ఒంటి గదిలో ఒక్కడే ఉంటాడు. తొట్టి కడగడం, నీళ్లు మార్చడం అన్నీ ఆయనే. తొట్టి దించిన రోజు కూడా లోపల మోకాలి లోతు నీళ్లలో కర్ర పట్టుకుని నిలబడింది ఈయనే. లోపల నీళ్లూ బయట కంకరా సమానంగా లేవాలి గనక, నీళ్లు జానెడు ఎక్కినప్పుడల్లా కర్ర చూసి "జానెడు!" అని కేకేసేవాడు.

"చూడండమ్మా," అంది మేడమ్. "మీరు పోసిన కంకర మంచిది కాదంటున్నారు మా ఇంజనీరుగారు. ఈయనేమో అంతా రూలు ప్రకారమే చేశానంటున్నాడు. నాకు ఒకటే తెలుసు. ఈ తొట్టి ఎనిమిదింటికి లేచింది. పదింటికి పిల్లల్ని రమ్మన్నాం. అడుగు పాచి రుద్దడానికి పదిహేడు మంది పిల్లలు ఇందులోకి దిగి ఉండేవాళ్లు."

ఆ మాటకి కంకరక్క పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ అంతలోనే కంకర అన్న మాట గుర్తొచ్చి రోషం ముంచుకొచ్చింది. పార తెప్పించింది. విరిగిన పలకలు పక్కకి లాగి, మోకాలి లోతు తనే తవ్వింది. గుప్పెడు కంకర తీసి, బకెట్లో ముంచి పిసికి, అరచెయ్యి మేడమ్ ముఖం ముందు చాపింది.

"చూడండి. తొమ్మిదేళ్లయింది. మరక ఉందా?"

లేదు. అరచెయ్యి గీతలతో సహా శుభ్రంగా ఉంది.

"కంకర తప్పు కాదు. నాలుగు రోజులుగా వాన. కింద నీళ్లు చేరాయి. గొట్టంలో చూడకుండా తొట్టి తోడేశారు. అంతే."

"చూశానమ్మా," అన్నాడు ఈల మాస్టారు మెల్లగా. "నిన్న సాయంత్రం టార్చి వేసి చూశా. దారానికి రాయి కట్టి దించి కూడా చూశా. ఎండి ఉంది."

కంకరక్క మూత తీసి, దారం దించి చూసింది. రాయి పొడిగానే పైకొచ్చింది. "ఇప్పుడు ఎండే ఉంటుంది. తొట్టి లేచాక నీళ్లన్నీ దాని కిందికి జారిపోయాయి. నిన్న ఎలా ఎండి ఉంటుంది మాస్టారూ? నీళ్లు లేకుండా తొట్టి లేస్తుందా? గాలికి లేచిందా?"

"నేను చూశానమ్మా."

"అబద్ధం చెప్పకండి. మీ వయసుకి తగదు."

ఈల మాస్టారు ఆవిడ వంక చూసిన చూపులో కోపం లేదు, చెంపదెబ్బ తిన్నవాడి తెల్లబోవడం ఉంది. మేడమ్ ఇంకేం అడగలేదు. కంకరక్క మాట అంటే ఆ విషయంలో అంతే మరి, ఇంజనీరు కూడా తలాడించాడు. రేపు పదకొండింటికల్లా సామాను సర్దుకుని తాళాలు ఇచ్చెయ్యమని మేడమ్ ఈల మాస్టారితో చెప్పింది. మళ్లీ ఇంకో స్కూల్లో ఎవరు రానిస్తారు, పదిహేడు మంది పిల్లల ప్రాణాల మీదికి తెచ్చినవాణ్ణి?

ఆ సాయంత్రం ఇంట్లో కంకరక్క జరిగిందంతా మొగుడికి చెప్పింది. అరచెయ్యి చాపిన సంగతి రెండుసార్లు చెప్పింది. టైలరు కుట్టుమిషన్ మీద నుంచి చెయ్యి తీయకుండా విన్నాడు.

"ఆ మాస్టారు అబద్ధాలాడే మనిషేనా?" అని అడిగాడు.

"నీళ్లు లేకుండా తొట్టి లేస్తుందా?" అని కసిరింది.

"అది కాదు నేనడిగింది," అని ఆయన మళ్లీ మిషన్ తొక్కుకున్నాడు. ఆవిడకి ఒళ్లు మండింది. అన్నం తక్కువ తింది.

మర్నాడు ఏడింటికే జట్టు స్కూల్లో దిగింది. తొట్టిని క్రేనుతో లేపాలంటే చుట్టూ కంకర తీసెయ్యాలి. నిలువు గొట్టం ఉన్న వైపునుంచే మొదలుపెట్టారు. మోకాలి లోతు, తొడ లోతు, ఇంకాస్త తవ్వేసరికి గోతిలో నీళ్లు ఊరాయి. తవ్వినకొద్దీ ఊరాయి. తొమ్మిదింటికి నడుం లోతు గోతిలో మూరెడు నీళ్లు నిలబడ్డాయి. "మోటారు పెట్టండ్రా," అని చెప్పి కంకరక్క టీ గ్లాసు పట్టుకుని గట్టు మీద కూర్చుంది.

నిలువు గొట్టం ఆవిడ మోకాలి పక్కనే ఉంది. మూత నిన్న తీసి సరిగా పెట్టనే లేదు. ఊరికే, చెయ్యి ఊరుకోక, రాయి కట్టిన దారాన్ని మళ్లీ లోపలికి వదిలింది. టక్ మని అడుగు తగిలింది. పైకి లాగింది. రాయి పొడిగా ఉంది.

గోతిలోకి చూసింది. నీళ్లు. గొట్టానికి బయట, జానెడు దూరంలో, మూరెడు నీళ్లు. గొట్టంలో చుక్క లేదు.

టీ ఒలికి చీర మీద పడింది, వేడి కూడా తెలియలేదు. మళ్లీ దించింది. మళ్లీ పొడి రాయే. నిలువు గొట్టం అడుగు ఆ నీటిమట్టానికి రెండడుగుల కింద ఉంది. లోపల నీళ్లుండి తీరాలి. లేవంటే అవి లోపలికి రాలేకపోతున్నాయి. మొన్న రాలేదు. తొమ్మిదేళ్లుగా రాలేదు. ఆ మాస్టారు టార్చి వేసి చూసినప్పుడు ఈ గొట్టం ఎండే ఉంది.

"తమ్ముడూ, మోటారు ఆపకు. అడుగుదాకా తవ్వు," అంది.

అడుగున మలుపు బయటపడేసరికి పదయింది. కంకరక్క ఎవరినీ దిగనివ్వలేదు. చీర బిగించి తనే బురదలోకి దిగింది. నిలువు గొట్టాన్ని ఊపి ఊపి ఊడదీసింది. పైకి తిరిగిన చిల్లుల గొట్టం మూతిలో వేలు పెట్టింది. ఒండ్రు గట్టిగా పేరుకుని ఉంది. గోకితే కింద ప్లాస్టిక్ కాగితం తగిలింది. దాని కొస రెండు వేళ్లతో పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి లాగింది. బిరడాలా బిగిసిన ముద్ద ఊడి చేతికొచ్చింది. దాని వెనకే నీళ్లు బుడబుడమంటూ గొట్టంలోంచి పైకి పొర్లి ఆవిడ మోచేతుల దాకా తడిపాయి.

ప్లాస్టిక్ విప్పక ముందే ఆవిడకి తెలిసిపోయింది. అయినా విప్పింది. లోపల పసుపు గళ్ల తువ్వాలు. బూజు పట్టింది, కానీ అంచు మడత చెక్కు చెదరలేదు. ఎర్రదారం, రెండు వరసలు.

ఆ రోజంతా ఒక్కసారిగా కళ్లముందు తిరిగింది. పొద్దున్నే చిల్లుల గొట్టం పరిచారు. కంకర పోసేటప్పుడు రాళ్లు పడకుండా దాని మూతికి బిరడా పెట్టాలి. పెట్టేదీ ఆవిడే, తీసేదీ ఆవిడే. ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేది కాదు. పాత గుడ్డ దొరక్క తల మీది తువ్వాలే తీసి, ప్లాస్టిక్‌లో చుట్టి, మడమతో తన్ని మరీ బిగించింది. అంతలో మొదటి లారీ హారన్ కొట్టింది. తరవాత రెండోది. మూడోది. నాలుగోది మూడింటికి వస్తే, పొద్దు పోతోందని అందరూ ఉరుకులు పరుగులు. ఆవిడ లారీ మీద మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు రాయి చూస్తుంటే, తమ్ముడు ఇక్కడ నిలువు గొట్టం తగిలించేశాడు. బిరడా అక్క తీసే ఉంటుందనుకున్నాడు. అక్క ఎప్పుడూ మర్చిపోలేదు గదా! ఏ కంకర కోసం ఆవిడ లారీకి అడ్డం కూర్చుందో, ఆ కంకర పెరట్లోని నీళ్లన్నిటికీ దారిచ్చి తొట్టి కిందికి చేర్చింది. బయటికి పోయే దారి మాత్రం ఆవిడ తువ్వాలుతోనే మూసి ఉంది. ఆ రోజు గురించి తొమ్మిదేళ్లు చెప్పుకుని మురిసింది. పెళ్లిళ్లలో చెప్పింది.

తమ్ముడు పైనుంచి వంగి చూశాడు. వాడికీ అర్థమైంది.

"అక్కా, అది బొడ్లో దోపుకో," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరూ చూళ్లేదు. గొట్టం ఇప్పుడు బాగానే ఉంది కదా. కావాలంటే నీళ్లు పోసి చూపిద్దాం."

నిజం చెప్పాలంటే బొడ్లో దోపుకుంది. గోతిలోంచి ఎక్కింది. ముప్పై ఎనిమిదేళ్ల పేరు ఒకవైపు, నడుం దగ్గర చల్లగా తగులుతున్న తడిగుడ్డ ఒకవైపు. ఎటు నడుస్తోందో తెలియకుండానే పెరటి నడవాలోకి వచ్చేసింది. ఎదురుగా ఈల మాస్టారు వస్తున్నాడు. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో తాళాల గుత్తి, జేబులో మడిచిన కాగితం. మెడలో ఈల లేదు. ఆవిణ్ణి చూసి ఆగాడు.

"అమ్మా, మిమ్మల్నే అడుగుదామనుకున్నా," అన్నాడు. "నిన్న మీరన్నాక చాలాసేపు ఆలోచించా. తొట్ల సంగతి మీకు తెలిసినంత నాకేం తెలుసు? మీరు చూడలేదన్నారంటే చూడలేదేమోననిపిస్తోంది. పోయినేడు చూసింది మొన్న చూశాననుకున్నానేమో. వయసైపోయింది కదా. అదే ఇందులో రాశాను. గొట్టం చూడకుండానే తొట్టి తోడేశాను, నాదే తప్పని. ఇలా రాస్తే సరిపోతుందంటారా?"

లేచిన తొట్టిని చూసినప్పుడు కాదు, పిల్లల మాట విన్నప్పుడు కాదు, తువ్వాలు చేతికొచ్చినప్పుడు కూడా కాదు, కంకరక్క నిలువునా దడిసింది ఇప్పుడు. ఒక మనిషి తన రెండు కళ్లతో చూసినదాన్ని, దారం కట్టి దించి మరీ చూసినదాన్ని, తను చూడలేదని రాసిచ్చేస్తున్నాడు. ఎందుకు? తను అన్న ఒక్క మాటకి.

"మాస్టారూ," అంది. బొడ్లోంచి తువ్వాలు లాగి రెండు చేతులతో పట్టుకుంది. నీళ్లు నడవా గచ్చు మీద కారుతున్నాయి. "మీరు చూశారు. మీరు చూసింది నిజం. ఇది చూడండి. నాది. గొట్టం మూతిలో ఉంది. తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది."

ఆయన తువ్వాలు వంక చూశాడు. అర్థమయ్యాక సంచి కింద పెట్టి గోడకి చేరగిలబడ్డాడు.

"ఏటేటా ఎండాకాలం తోడేవాణ్ణి," అన్నాడు నెమ్మదిగా. "గొట్టం చూసి, ఎండిందిలే అని పిల్లల్ని దింపేవాణ్ణి. ఎంత మంచి చోట కట్టారో, చుక్క ఊరదు అని అందరికీ చెప్పేవాణ్ణి." కంకరక్క ఆయన జేబులోంచి కాగితం తీసుకుని నాలుగు ముక్కలుగా చించింది.

మేడమ్ గదిలో, ఈల మాస్టారు తాళాల గుత్తి పెట్టిన బల్ల మీదే, కాగితాల మధ్య, కంకరక్క తువ్వాలు పరిచింది. అంతా చెప్పింది. లారీలు చెప్పింది, బిరడా చెప్పింది, తమ్ముడి పేరు మాత్రం ఎత్తలేదు. బిరడా తీయాల్సింది తనే గనక. మేడమ్ అలవాటుగా గోడ గడియారం వంక చూసింది. పదిన్నర.

"నిన్న ఈపాటికి..." అని ఆగిపోయింది.

"తెలుసు మేడమ్."

"నిన్న ఈయన్ని అంత మాటన్నారు మీరు."

"అన్నాను. అందరి ముందూ అన్నాను. అందరినీ పిలవండి, అందరి ముందూ ఇదీ చెబుతాను."

పిలిచారు. ఇంజనీరు వచ్చాడు, ఆయా వచ్చింది, జట్టంతా చేతులు కడుక్కుని వచ్చి గుమ్మం బయట నిలబడింది. మూడు లారీల కథ అందరికీ తెలిసినదే. అయినా మొదటినుంచీ చెప్పింది. డ్రైవరు తువ్వాలు ఎత్తుకుపోయిన చోటికి వచ్చేసరికి అలవాటు కొద్దీ ఒకడి నోట నవ్వు రాబోయింది, బల్ల మీది గుడ్డ చూసి ఆగిపోయింది. తమ్ముడు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. కథ ముగిశాక మేడమ్ లేచి, తాళాల గుత్తి తీసి ఈల మాస్టారి చేతిలో పెట్టింది.

అక్కడితో అయిపోయుంటే కంకరక్క ఇంటికెళ్లి నాలుగు రోజులు ముసుగు తన్ని పడుకునేదే. కానీ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. ఒక తొట్టి దగ్గర మర్చిపోయిన మనిషి ఇంకెక్కడ మర్చిపోయిందో ఎవరు చెప్పగలరు? నూట ముప్పై నాలుగు తొట్లు. ప్రతిదాని పక్కనా ఆవిడ చేత్తో రాసిన రేకు ముక్క, ఎండి ఉంటే ఖాళీ చెయ్యండి అని. గొట్టాలు ఎండి ఉన్నాయని ఎంతమంది నిశ్చింతగా ఉన్నారో!

వెనక్కి వెళ్లింది. ఈల మాస్టారు సంచిలోంచి బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేసుకుంటున్నాడు.

"మాస్టారూ, నాతో వస్తారా? అన్ని తొట్లూ చూడాలి. ఎండిన గొట్టంలో బకెట్ నీళ్లు పోస్తే తెలిసిపోతుంది. మూతి తెరిచి ఉంటే కంకరలోకి పోతాయి, బిరడా ఉంటే నిలిచిపోతాయి. నేను పోస్తాను. చూసేది మీరు."

"నేనెందుకమ్మా? మీకు తెలీదా?"

"నాకు తెలుసుననుకున్నందుకే కదా ఇదంతా."

ఆయన చేతిలో చొక్కా కూడా దండెం మీద వేశాడు. "నేను చూసి చెబితే నమ్ముతారా మరి?" అన్నాడు. వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు. ఆవిడ తలదించుకుని బకెట్ అందుకుంది.

మొదటి ఇల్లు రెండు వీధుల అవతలే. ఇంటివాళ్లు కంగారుగా అడిగినదానికల్లా కంకరక్క దాచకుండా జవాబు చెప్పింది, విన్నకొద్దీ వాళ్ల ముఖాలు మారిపోయాయి. మూత తీసింది. బకెట్ ఎత్తి నీళ్లు గొట్టంలో గుమ్మరించింది. సగం నీళ్లు పాదాల మీదే పడ్డాయి. ఈల మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాడు. తల వంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పోయాయమ్మా," అన్నాడు. "అడుగు కనిపిస్తోంది."

టార్చి ఆవిడకి అందించాడు, చూడమన్నట్టు. కంకరక్క టార్చి అందుకుని ఆర్పేసింది. వంగి చూడలేదు. మూత బిగించి, రెండో బకెట్ నింపుకోవడానికి లేచింది.